అటక మీది బొమ్మల పుస్తకం

పుస్తకాలు కుట్టే బైండరు ఒకనాడు పని నుంచి వస్తూ రెండేళ్ల కూతురి కోసం బొమ్మల పుస్తకం తెచ్చాడు. అందులో ఉన్నది ఒక ఇల్లు. అమ్మ తల దువ్వుతుంది, నాన్న చెప్పులు విడుస్తాడు, నానమ్మ మంచం మీద నుంచి చేతులు చాపుతుంది. తెచ్చినవాడు దానికి శుభ్రంగా అట్ట వేసి అటక మీద పెట్టాడు.

"చూపించరా పిల్లకి" అంది అతని తల్లి.

"చింపుతుందమ్మా. చదువు రానీ."

"నీకు మాటలొచ్చాకే జోల పాడానా?"

భార్య నవ్వింది. అతను నవ్వలేదు. మూల నలిగిన పుస్తకాన్ని ఏరి పక్కన పడేయడం ఇరవై ఏళ్లుగా అతని పని. చిరిగిన కాగితం చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

పాపకు ఇంకా మాటలు రాలేదు. దేనికైనా వేలే చూపేది.

"దీనిచేత ఒక్కసారి నానమ్మా అనిపించుకుని పోతాను" అనేది ముసలామె. "నన్ను నేనే చూపించుకుని నానమ్మ అంటే, ఇది నా ముక్కు పట్టుకు లాగుతోంది! ఆ బొమ్మలుంటే వేలు పెట్టి చెబుదును." మోకాళ్ల నొప్పులతో ఆమెకు అటక అందేది కాదు.

వానలు పట్టిన వారంలో ఆమెకు ఆయాసం వచ్చింది. నాలుగోనాటికి మంచం ఖాళీ అయింది. పాప మంచం కిందికి వంగి చూసింది. తర్వాత పరుపు వైపు వేలు చూపింది.

భార్య స్టూలు వేసుకుని పుస్తకం దించింది. ఆ రోజు నుంచి బైండరు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పాడు. "ఇదిగో అమ్మ. ఇదిగో నాన్న." మూడో పేజీ దగ్గర రోజూ ఖాళీ మంచం వైపు చూసేవాడు. అయినా, "ఇదిగో నానమ్మ" అని చెప్పేవాడు.

తొమ్మిదో రోజు పాప ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి, "నానమ్మ" అంది.

అని, మంచం వైపు చూసింది. పేజీ పట్టుకుని ఒక్క లాగు లాగింది. చిరిగిన ముక్క తీసుకెళ్లి ఖాళీ తలగడ మీద పెట్టింది. బైండరు అడ్డు పడలేదు.

"అతికిస్తావా?" అంది భార్య.

"అక్కడే ఉండనీ."

మర్నాడు పనిచోట, కొత్తగా తండ్రయిన తోటివాడొకడు బొమ్మల పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"అన్నా, గట్టి అట్ట వెయ్యవా? మావాడు పెద్దయ్యాక ఇస్తా."

బైండరు పుస్తకం తిరిగి అతని చేతిలోనే పెట్టాడు.

"అట్టొద్దు. ఇవాళే ఇచ్చెయ్. నమలనీ, చింపనీ. కాగితం చిరిగితే నేను అతికిస్తా. పిలిపించుకోవాల్సినవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే పిల్లలకు బొమ్మ చూపించాలిరా."