బెత్తెడు దారి

నేను ఒక దూలాన్ని. ఇంటి కప్పును మోసే దూలాన్ని కాను, పిల్లల్ని మోసే దూలాన్ని. జిమ్నాస్టిక్స్ నేర్పేచోట నన్ను బ్యాలెన్స్ బీమ్ అంటారు. పొడవుకేం లోటు లేదు గానీ, నా వెడల్పు బెత్తెడే.

పెద్దాపురంలో ఒక వడ్రంగి చేతుల్లో పుట్టాను. ఒకే టేకుమానును కోసి ఇద్దర్ని చేశాడాయన. నా తోడబుట్టినవాడు రామాలయానికి గడప అయ్యాడు. నేను ఊరి చివర రేకుల షెడ్డులో ఉన్న వ్యాయామశాలకు వచ్చాను. వాడికి ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా. వచ్చినవాళ్ళు వంగి వాణ్ణి తాకి కళ్ళకద్దుకుంటారు, కాలు తగలకుండా దాటుతారు. నన్ను మాత్రం తొక్కడానికే చేశారు. ఒకే చెట్టుకు పుట్టినవాళ్ళకు ఇంత తేడా ఎందుకయ్యా అని దేవుణ్ణి అప్పుడప్పుడూ అడిగేవాణ్ణి. నిందగా కాదు, తెలుసుకుందామని.

మనుషుల సంగతీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. అంతేసి రోడ్లు వేసుకుని వాటి మీద ఒకరినొకరు గుద్దుకుంటారు. పిల్లని బెత్తెడు చెక్క ఎక్కించాలంటే మాత్రం వాళ్ళకి గుండెదడ!

ఆ దడతోనే వచ్చింది కామేశ్వరమ్మగారు, ఎనిమిదేళ్ళ మనవరాలు మృదులను వెంటబెట్టుకుని. వెంటబెట్టుకుని అనడం కూడా తప్పే. ఆ పిల్ల నాయనమ్మ కొంగు పట్టుకుని వేలాడుతూ వచ్చింది. మెట్టు దిగాలంటే ఎవరిదో ఒక చెయ్యి కావాలి. పేరడిగితే నేలచూపులు చూస్తుంది.

"దీనికి భయం ఎక్కువండి మాస్టారూ. కాస్త ధైర్యం వచ్చే మార్గం చూడండి" అందావిడ.

"అలాగేనండి పిన్నిగారూ. ముందు పడ్డం నేర్పుతాను" అన్నాడు వీర్రాజు మాస్టారు.

"పడ్డమా? అది మా పిల్ల పుట్టుకతోనే నేర్చుకొచ్చిందండి!"

మాస్టారు నవ్వాడు. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, బంతిలా దొర్లడం పరుపుల మీద నేర్పాడు. ఆ పాఠం ఒంటబట్టాకే పిల్లని నా దగ్గరికి పంపాడు. మొదట నన్ను నేల మీదే ఉంచారు. తర్వాత మోకాలి ఎత్తు, ఆ తర్వాత నడుమెత్తు.

"కిందికి చూడకమ్మా. దూలం చివర చూడు. దారి సంగతి పాదాలు చూసుకుంటాయి" అనేవాడు.

తొలిరోజుల్లో ఆమె కాలివేళ్ళు కోడిపిల్ల గోళ్ళలా నన్ను పట్టుకునేవి. గుండె కొట్టుకోవడం అరికాళ్ళలోంచి నాకు తెలిసేది. వానాకాలం ముగిసేసరికి ఆ వేళ్ళు వదులయ్యాయి. వంగిన నడుము నిటారుగా నిలిచింది. చూపు నేల మీద నుంచి లేచింది.

పక్కనున్న బల్ల మీద కూర్చుని కామేశ్వరమ్మగారు మిగతా పిల్లల తల్లులతో చెప్పేది. "పెట్టింది పెట్టినట్టు తింటోందమ్మా. పక్క మీద వాలితే నిద్రే. మొన్న బళ్ళో అందరి ముందూ నిలబడి పద్యం అప్పజెప్పిందంట! అంతా నేను ఆంజనేయుడికి చేయించిన ఆకుపూజ మహిమ."

ఆంజనేయుడు సముద్రాన్నే దూకినవాడు కదా. ఆ మహిమలో నాకూ కాస్త వాటా ఉండకపోతుందా అనుకునేవాణ్ణి.

దసరా వచ్చింది. నవమినాడు ఆయుధపూజ. కామేశ్వరమ్మగారు పళ్ళెం పట్టుకుని వచ్చి, అచ్చం గడపకు చేసినట్టే నాకూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఆ పూట నా అంత భాగ్యవంతుడు లేడు. కనిపిస్తే అన్నయ్యకు చెప్పుకుందును.

విజయదశమినాడు కొత్త పాఠం మొదలుపెట్టడం మా దగ్గర వాడుక. ఒంటికాలి మీద గుండ్రంగా తిరగడం మృదులకు ఆరోజే నేర్పాలి. పొద్దున్నే మాస్టారు తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో నన్ను శుభ్రంగా తుడిచేశాడు.

"ఏమనుకోకండి పిన్నిగారూ, జారుద్దండి."

ఆవిడ మొహం చిన్నబోయింది. మాస్టారు పరుపులు సర్దుతూ అటు తిరగగానే, ఆరోజూ వెంట తెచ్చిన పళ్ళెంలోని తడిపసుపు వేలితో తీసి నా నడిమధ్యన చిన్న బొట్టు పెట్టింది. "తల్లీ, బోసి చెక్క మీద పిల్లని ఎక్కించలేను. నువ్వే చూసుకో" అని గొణుక్కుంది.

నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

మృదుల ఎక్కింది. మధ్యకొచ్చింది. ఒంటికాలి మీద తిరగబోయింది. ఆ బొట్టు మీద పాదం సర్రున జారింది.

పిల్ల గడ్డం గుండెకు ఆనింది, వీపు గుండ్రమైంది. పరుపు మీద బంతిలా దొర్లి, లేచి, నేర్పినట్టే రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"అయ్యో నా తల్లీ!" కామేశ్వరమ్మగారు పరుగెత్తుకొచ్చింది. "చాలండి మాస్టారూ! పండగపూటే పడిందంటే అమ్మవారికే ఇష్టం లేదు. రేపట్నుంచి తీసుకురాను."

మృదుల మొహం పాలిపోయింది. పడినప్పుడు కలగని భయం అప్పుడు కలిగింది పిల్లకి.

"దెబ్బ తగల్లేదు నాయనమ్మా! ఒట్టు. చూడు, మోచేయి చూడు, మోకాలు చూడు..." అంటూ కూర్చుని అరికాలు కూడా తిప్పి చూపించింది. అరికాలు పచ్చగా ఉంది.

"పసుపెక్కడిది?" అంది పిల్ల.

మాస్టారు నా వైపు ఒక్కసారి చూసి, చూడనట్టే తల తిప్పుకున్నాడు. కామేశ్వరమ్మగారు దాచలేదు.

"నేనేనే తల్లీ. గడపకి పెట్టినట్టు పెట్టాను. నీకు మంచి జరగాలని."

మృదుల పకపకా నవ్వింది. "గడపనైతే ఎవరూ తొక్కరు కదా నాయనమ్మా! దీన్ని తొక్కాలి!"

"పోనీలెండి పిన్నిగారూ" అన్నాడు మాస్టారు. "అమ్మవారు దెబ్బ తగలకుండా చూసిందిగా."

"అమ్మవారు చూసిందో, మీరు నేర్పిన పడ్డం చూసిందో" అంటూ ఆవిడ వంగింది. పైటకొంగుతో నా మధ్యన రుద్దిరుద్ది తుడిచింది. పట్టుచీర, పైగా పండగపూట కట్టుకున్నది. కొంగు పచ్చబడినా చూసుకోలేదు. తర్వాత నన్ను తాకి వేళ్ళు కళ్ళకద్దుకుని, "ఎక్కవే" అంది.

పసుపు పూసినప్పటి కంటే, ఆ పసుపు తుడిచినప్పుడే నాకు ఎక్కువ పూజ జరిగినట్టు అనిపించింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నడుమెత్తున ఇప్పుడు నా స్థానంలో మెత్తటి తోలు తొడిగిన కొత్త బీమ్ ఉంది. నేను కాస్త వంకరపోయాను. నన్ను మూలకు తెచ్చి నేల మీద పెట్టారు, తప్పటడుగుల పిల్లల కోసం. సాయంత్రాలు వాళ్ళకు నేర్పేది మృదులే.

మొన్న కామేశ్వరమ్మగారు కూడా వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, అడుగు తీసి అడుగు వేయాలంటే బెదురు. మృదుల ఆవిడ చెప్పులు విప్పించి నా దగ్గరికి నడిపించుకొచ్చింది.

"నావల్ల కాదే, పడిపోతాను!"

"చెయ్యి పట్టుకున్నాగా. కిందికి చూడకు నాయనమ్మా, చివర చూడు."

కామేశ్వరమ్మగారు అలవాటుగా వంగి నన్ను కళ్ళకద్దుకుంది. తర్వాత, గడపనెప్పుడూ తొక్కి ఎరగని ఆ పాదం, వణుకుతూ వచ్చి నా మీద ఆనింది.