శేషాచలం ఇంటి చైనా పాలసీ

శేషాచలానికి జనాభా లెక్కలు కూడు పెట్టిన విద్య. గల్ఫ్ నగరంలో ముషైరిబ్ అనే పేటలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చుని, ఇంకో ఇరవై ఏళ్ళకి ఏ పేటలో ఎంతమంది ఉంటారో, వాళ్ళకి ఎంత లావు నీళ్ళ పైపులు కావాలో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో పుట్టబోయేవాళ్ళందరి సంగతీ ముందే తెలిసిన ఈ మహానుభావుడికి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని తన రెండు గదుల ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటే ఇదే.

కూతురు ధాత్రికి మూడేళ్ళప్పుడు ఓ సాయంత్రం భార్య అరుంధతి కాఫీ ఇస్తూ, "దీనికో తోడుంటే బాగుంటుందండీ" అంది. విజయవాడ నుంచి వాళ్ళమ్మది ఫోన్లో రోజూ అదే పాట, ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు అని. మామూలు మొగుడైతే అవుననో కాదనో అనేవాడు. శేషాచలం లాప్‌టాప్ తెరిచాడు. చైనా సంపద గీత పైకి, చైనా పిల్లల గీత కిందకి. "చూడు, ఒక్కరితో ఆపారు, దేశం ఎక్కడికి వెళ్ళిపోయిందో. మనమూ ఒక్కదాన్నే బాగా పెంచుకుందాం" అన్నాడు. అరుంధతి ఆ గీతల్ని కాసేపు చూసి, "సరే లెండి" అని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. శాసనసభలో బిల్లు నెగ్గినంత సంబరపడ్డాడు ఆయన.

ఇదంతా ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకంటే, ఊళ్ళోని తెలుగువాళ్ళ సంఘం శుక్రవారం సభలో చైనా జనాభా, దేశాభివృద్ధి మీద మాట్లాడమంది. ఉబ్బి తబ్బిబ్బై ఒప్పుకున్నాడు. తీరా చదవడం మొదలెడితే ఒక సంగతి బయటపడింది. తాను అరుంధతికి గీతలు చూపించేనాటికే చైనా ఆ ఒక్కరు చాలనే పద్ధతి ఎత్తేసి ఇద్దరికి ఒప్పుకుంది. శేషాచలం ఇంట్లో అమలు చేసింది డిగ్రీలో బట్టీపట్టిన పాత పాఠం. లెక్కల మనిషికి ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా? చైనాయే వదిలేసిన చట్టాన్ని పట్టుకుని వేలాడిన ప్రభుత్వం ఈయన ఒక్కడే.

అక్కడితో నవ్వుకుని ఊరుకునేవాడే. కానీ ఆ సాయంత్రం హాల్లో ధాత్రి ఒక్కతే క్యారమ్స్ ఆడుతోంది. తెల్లకాయ కొట్టి, లేచి, అటువైపు వెళ్ళి కూర్చుని నల్లకాయ కొడుతోంది.

"ఎవరు గెలుస్తున్నారమ్మా?"

"అటువైపు అమ్మాయి, నాన్నా" అంది, మామూలుగా.

శేషాచలం గుండె కలుక్కుమంది. ఇంకో బిడ్డ కావాలి. దేన్నైనా ఇంతగా కోరుకున్నట్టు ఆయనకి గుర్తులేదు.

కావాలని చెప్పడం రావాలి కదా. శుక్రవారం పొద్దున అరుంధతి పెసరట్లు పోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి ఉపన్యాసమంతా అప్పజెప్పాడు. చివర్న గొంతు సవరించుకుని, "అందుచేత మన ఇంట్లో కూడా పాలసీ సవరిస్తున్నాం" అన్నాడు.

అరుంధతి అట్టు తిరగేసింది. "ఎవరు సవరిస్తున్నారు?"

"నేనే. అంటే, మనం. ధాత్రికో తోడు... ఆ ఉయ్యాల చీర, చిన్న గౌన్లు అన్నీ దాచావు కదా, బీరువా మీద సూట్‌కేసులో."

"లేవు. రమీజాకిచ్చేశాను." రమీజా పక్క విల్లాలో ఇంటిపని చేసే కడప మనిషి. "చెల్లెలి కానుపుకి ఊరెళ్తూ, పాతవుంటే ఇవ్వమ్మా అంది."

"ఎప్పుడు?"

"చైనా ముగ్గురికి ఒప్పుకున్న ఏడు. మీరే పొద్దున్నే ఫోన్లో వార్త చదివి వినిపించారు. ఆ రోజంతా కాచుకున్నానండీ, మన సంగతి ఎత్తుతారేమోనని. రాత్రి అన్నాల దగ్గర మీరు పైపుల గురించి చెప్పారు." పొయ్యి కట్టేసింది. "అప్పుడు అడిగుంటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు స్కూల్లో ఉద్యోగం, కారు నడపడం, అన్నీ ఇప్పుడిప్పుడే నావయ్యాయి. కోపం లేదు. నాకు వద్దు, అంతే."

చిన్నప్పుడు ఆస్పత్రి గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం పక్కన 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని చదువుకున్న మాటే. ఆ వద్దు ఇంత మెత్తగా, ఇంత గట్టిగా ఉంటుందని ఆయనకి తెలియదు. ఏడుపొచ్చింది. పెసరట్టు తిన్నాడు.

సాయంత్రం సభలో స్లైడ్లు బ్రహ్మాండంగా నడిచాయి. చివర్లో అల్ ఖోర్ అనే పక్క ఊరి నుంచి వచ్చిన గిరి లేచాడు. గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, ప్రశ్న అడగందే ఏ సభ నుంచీ ఇంటికి వెళ్ళని మనిషి. "ఒక్కరు చాలంటే ఆగారు, ముగ్గుర్ని కనమంటే మాత్రం కనట్లేదు. ఎందుకంటారు సార్?"

జవాబు తయారుగానే ఉంది. ఇళ్ళ ధరలు, చదువుల భారం, ఆలస్యపు పెళ్ళిళ్ళు, వరసగా రంగురంగుల్లో. శేషాచలం ఆ స్లైడ్ వెయ్యలేదు. రెండో వరసలో అరుంధతి, పక్కన ధాత్రి కూర్చుని ఉన్నారు.

"కనాల్సినవాళ్ళని అడగలేదండీ" అన్నాడు. "అడిగేసరికి వాళ్ళ ఆశ చచ్చిపోయింది."

హాలంతా తలలూపింది. గిరి ఊరుకోలేదు. "బాగుంది సార్. డేటా ఎక్కడిది?"

"మా ఇంటిదేనండీ."

అందరూ పడీపడీ నవ్వారు. అరుంధతి నవ్వలేదు. పక్కన కూర్చున్న కూతురి జడ తన వైపుకి తీసుకుని, బాగానే ఉన్న రిబ్బన్‌ని విప్పి మళ్ళీ కట్టింది.