మాస్టారు ఆగిన చోట

యూనివర్సిటీ గేటు బయట లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. గేటు లోపల, వాచ్‌మన్ గదిలోంచి, ఆయన గొంతే పాఠం చెబుతోంది.

డ్యూటీకి వస్తూ లింకక్క చూసింది. ముందు నవ్వొచ్చింది, మాస్టారు ఫోను పొరపాటున మోగుతోందేమో అనుకుంది. దగ్గరికెళ్లేసరికి వాచ్‌మన్ గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టి, తలొంచుకుని మాట్లాడుతున్నాడు.

"మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారు మాస్టారూ. నా మీద కోపం పెట్టుకోకండి."

"ఎందుకయ్యా? కొత్త సెమిస్టరు మొదలైందిగా. నా క్లాసు ఇప్పుడే, లోపలి కెమెరా ముందు."

"అది... నడుస్తోంది మాస్టారూ."

వాచ్‌మన్ కూతురు ఆ ఇరుకు గదిలో స్టూలు మీద కూర్చుని ఫోను గోడకు ఆనించి పెట్టుకుంది. వాళ్లింట్లో సిగ్నల్ ఉండదు. అందుకని నాన్న కాపలా కాసే చోటే ఆ పిల్ల చదువు. ఫోనులో మాస్టారిని చూసి, గేటు బయట మాస్టారిని చూసి, లేచి నిలబడింది.

"మీరిక్కడుంటే మరి ఇదెవరు మాస్టారూ?"

ఆయన చువ్వల మధ్యలోంచి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు.

"అది పోయినేడాది నేనమ్మా" అన్నాడు.

లింకక్క గదిలోకి వంగి ఫోను చూసింది. ఆ పాఠం రికార్డు చేయించింది తనే.

ఆమె అసలు పేరు పిల్లలకు తెలియదు. పోయినేడాది జబ్బు వచ్చి యూనివర్సిటీ మూతపడ్డాక, పొద్దున లేస్తే క్లాసుల లింకులు పంపేది ఆమె కాబట్టి లింకక్క. సహాయ కేంద్రమని బోర్డు పెట్టిన గదిలో ఆమెకొక కుర్చీ, పక్కన ఇంకొందరికి కుర్చీలు. వాళ్లవీ కాంట్రాక్టు ఉద్యోగాలే. "అమ్మాయ్, నాకు నేనే తలకిందులుగా కనబడుతున్నాను" అని ఒక లెక్చరరు. "పిల్లలు నా మాట వినట్లేదమ్మా" అని ఇంకొకాయన, మైకు ఆపేసుకుని గంట పాఠం చెప్పాక. అందరికీ అక్షరాలు దిద్దించినట్టు ఓపిగ్గా నేర్పింది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని బోటనీ మేడమ్ పాఠం చెబుతుంటే, బిడ్డ ఏడుపు వినబడకుండా సరిచేసి పెట్టింది. సిగ్నల్ లేని పిల్లలకు పాఠాలు చిన్న ముక్కలు చేసి పంపింది. అది సాయమనుకుంది. సాయమే మరి.

అప్పుడు రిజిస్ట్రారు స్వయంగా ఆ గదికొచ్చి చేతులు జోడించాడు. "ఈ యూనివర్సిటీని మోస్తోంది మీరే" అన్నాడు. పోతూ పోతూ కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. పాఠంలో తేదీ చెప్పకూడదు. పిల్లల్ని పేరుపెట్టి పిలవకూడదు. జబ్బు ఊసెత్తకూడదు. ప్రశ్న అడిగి ఊరికే ఆగకూడదు, ఆగితే ఆ ఖాళీ కోసేయాలి. "పాఠం శుభ్రంగా ఉండాలమ్మా, అంతే." కాంట్రాక్టు లెక్చరర్లందరినీ పిలిచిన మీటింగులో గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు: "మీ పాఠాలు మీవే. మీరు ఊ అనకుండా ఎవరూ ముట్టుకోరు."

అందరూ నమ్మారు. ఆ జాగ్రత్తలన్నీ లింకక్క ఒక్కొక్కరి చెవిలో పోరి మరీ పాటింపజేసింది. లెక్కల మాస్టారొక్కడే ఒక్క విషయంలో మొండికేశాడు.

"ప్రశ్న అడిగాక ఆగకపోతే ఎలాగమ్మా? పిల్లాడికి ఆలోచించుకునే టైమివ్వాలిగా."

"ఎదురుగా పిల్లలెవరూ లేరు మాస్టారూ, కెమెరా ఉంది."

"కెమెరా వెనకాల ఉంటారుగా. ఆ ఖాళీ తీసేస్తే అది పాఠం కాదు, వార్తలు."

నవ్వుకుని ఆయన పాఠాలు కోయకుండా వదిలేసింది.

ఇప్పుడు గేటు దగ్గర నిలబడితే శుభ్రం సంగతి అర్థమైంది. తేదీ లేని పాఠం ఏ ఏడాదైనా నడుస్తుంది. పేర్లు లేని పాఠం ఏ పిల్లలకైనా నడుస్తుంది. మాస్టారు లేకుండా కూడా నడుస్తుంది. నమ్మించి గొంతు కోసేవాళ్లను చూశాం. కోసిన గొంతును దాచిపెట్టుకుని దానిచేత ఏటేటా చాకిరీ చేయించుకునేవాళ్లను ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాం.

ఆ సాయంత్రం గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో కాంట్రాక్టు లెక్చరర్లంతా చేరారు. పిల్లలు లేక ఆ షాపుకూ పని లేదు, ఓనరు మిషన్ల మీద గుడ్డ కప్పి కుర్చీలు వేశాడు. అందరినీ ఒకేలా తీసేశారు: ఆ మధ్యాహ్నం ఫోనుకు ఒక సందేశం, మీ సేవలు ఇక అవసరం లేదని.

బోటనీ మేడమ్ బిడ్డను భుజాన వేసుకుని వచ్చీ రాగానే లింకక్క మీద విరుచుకుపడింది. "నా బిడ్డ ఏడుపు తుడిచేశావే, ఎంత మంచిపిల్లో అనుకున్నాను. నా ఉద్యోగం తుడిచేయడానికా?"

"నాకూ ఇదే చెప్పారు మేడమ్! నన్ను వాడుకున్నారు."

"నీ కుర్చీ నీకుందిగా!"

కుర్చీ ఉన్నమాట నిజమే.

పర్మినెంటు ప్రొఫెసర్ల సంఘం కార్యదర్శికి ఫోను చేశారు. పోయిన సమ్మెలో వీళ్ల భుజాలెక్కి నినాదాలిచ్చిన మనిషి. "చాలా బాధాకరం" అన్నాడాయన. "మా పాఠాలు మాత్రం అలా వాడుకోబోమని మాటిచ్చారు. ఈ టైములో గొడవెందుకు?" ఫోను పెట్టేశాడు.

"చూశారా, మన గోతికి మనవాళ్లే పార పట్టుకొచ్చారు" అన్నాడు జిరాక్సు ఓనరు.

లింకక్క లేచింది. "పాస్‌వర్డులన్నీ నా దగ్గరున్నాయి. పాఠాలన్నీ చెరిపేస్తాను."

"వద్దు." లెక్కల మాస్టారు అడ్డొచ్చాడు. "దొంగతనం వాళ్లు చేస్తే శిక్ష పిల్లలకా? పైగా నువ్వొక్కదానివే బలైపోతావు. మనం చెయ్యాల్సింది ఒక్కరి మీద పడేది కాకూడదు."

"మరి చేతులు ముడుచుకు కూర్చుందామా?" బోటనీ మేడమ్ అరిచింది.

గుమ్మం దగ్గర నుంచి వాచ్‌మన్ కూతురు మాట్లాడింది. "మాస్టారు పాఠంలో ఆగుతారుగా. రేపు ఆగినప్పుడు మేం అడుగుతాం. మైకులు అక్క చేతిలో ఉన్నాయి, తెరిస్తే చాలు."

షాపులో అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ పిల్ల అప్పటికే క్లాసు పిల్లలందరికీ ఫోన్లు మొదలుపెట్టింది.

మర్నాడు సహాయ కేంద్రానికి రిజిస్ట్రారు పైనుంచి వచ్చిన పెద్దల్ని వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు లేని క్లాసు ఎంత బాగా నడుస్తుందో చూపించాలని ఉబలాటం. పెద్ద తెర మీద లెక్కల మాస్టారు బోర్డు ముందు నిలబడ్డాడు. లెక్క సగం వేసి, సుద్దముక్క చేతిలో తిప్పుతూ ఇటు తిరిగాడు.

"తర్వాత ఏం చేయాలో ఎవరు చెబుతారు?"

ఆగాడు.

లింకక్క మైకులన్నీ తెరిచింది.

"మాస్టారూ, మీరెక్కడున్నారు?" వాచ్‌మన్ కూతురి గొంతు.

"మిమ్మల్ని ఎందుకు తీసేశారు?" ఇంకో గొంతు. "మా మాస్టారేరి?" వంటిళ్లలోంచి, డాబాల మీంచి, బస్టాపుల్లోంచి గొంతులు లేచాయి. వెనకాల ఎవరి ఇంట్లోనో కుక్కరు కూస్తోంది.

తెర మీద మాస్టారు తల ఊపాడు. "భేష్! సరిగ్గా చెప్పారు" అన్నాడు.

వచ్చిన పెద్దల్లో ఒకాయన ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. రిజిస్ట్రారు మొహం కందగడ్డయింది.

"మైకులు ఆపు!"

"ఆపను."

"ఆపమంటే..." పక్క కుర్చీల్లోని వాళ్ల వైపు తిరిగాడు. "నువ్వు ఆపు. నువ్వు!"

ఒక్కొక్కరే కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఒకతను ఏడుస్తున్నాడు, అయినా చేతులు తీశాడు. అవీ కాంట్రాక్టు చేతులే.

అప్పుడు తెర మూలన ఒక చిన్న గడిలో అసలు మాస్టారు కనిపించాడు. వాచ్‌మన్ కూతురు ఫోను గేటు వైపు తిప్పింది. ఆయన చువ్వలు పట్టుకుని వంగాడు.

"ఇక్కడే ఉన్నానర్రా. గేటు బయట. లెక్క నేను పూర్తిచేస్తాను, రాసుకోండి."

రాసుకోమన్న లెక్క పూర్తయ్యే లోపే పోలీసు జీపు వచ్చింది. యూనివర్సిటీ ఆస్తికి నష్టం కలిగించిందని లింకక్కను గేటు దాకా నడిపించుకొచ్చారు. నిన్నటిదాకా ఆమె చేత పనులు చేయించుకున్న పెద్దమనుషులు కిటికీల్లోంచి చూశారు, ఒక్కరూ కిందికి దిగలేదు. ఆ సంగతి ఆమె గుండెలో ముల్లులా దిగింది.

గేటు బయట మాత్రం జనం ఉన్నారు. చుట్టుపక్కల గదుల్లో అద్దెకుండే పిల్లలు మాస్కుల మీద దుపట్టాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చారు. జిరాక్సు ఓనరు షట్టరు సగం దించి వచ్చాడు. బోటనీ మేడమ్ లింకక్కను చూసి దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఈసారి ఎవరూ ఊరుకోబెట్టలేదు.

"గేటు ముయ్యి!" ఇన్‌స్పెక్టరు అరిచాడు.

వాచ్‌మన్ తాళం చెవి జేబులో వేసుకుని మాస్టారి పక్కకెళ్లి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు జీపు తలుపు తెరిచి, లింకక్క మొహంలో మొహం పెట్టాడు. "నీకు ఈ తెలివితేటలు లేవని నాకు తెలుసు. ఇది ఎవరు చేయించారు? చెప్పు."

ఆమె మాస్టారి వైపు చూసింది.

అచ్చం ఆయనలాగే, ఆగింది.

"మేం!" అన్నారు గేటు దగ్గర.