సొరంగంలో ఆగిన బండి

త్రినాథరావు మూడో అర తుడవడం అయ్యేసరికి తొమ్మిదయింది. డీజిల్ షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు ఇంజన్లు తుడిచిన చెయ్యి అది. పుస్తకాన్నయినా మూలల దగ్గర మొదలుపెట్టే తుడుస్తుంది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు సగానికే ఉన్నాయి కనక గుడ్డని బొటనవేలికి చుట్టుకుంటాడు.

రిటైరయ్యాక బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం వాళ్ళు గ్రంథాలయం తాళాలు ఆయన చేతిలో పెట్టారు. ఆడపిల్లలు అప్పుడప్పుడైనా వస్తారు, మగపిల్లలే గుమ్మం తొక్కరు. ఉగాదిలోగా వాళ్ళు రాకపోతే గదిని మీటింగు హాలు చేస్తామని ఈ ఏడు తేల్చి చెప్పారు. ఇవాళ ఆ సంగతి చూడ్డానికి అధ్యక్షుడు రాఘవయ్య వస్తున్నాడు.

కుర్రాళ్ళకి నచ్చే పుస్తకాల కోసం త్రినాథరావు తిరగని చోటు లేదు. రైల్వే పాసు మీద విశాఖపట్నం వెళ్ళి, రెండు రోజులు దుకాణాల్లో నిలబడి, దయ్యాలవీ దొంగలవీ ఏరుకొచ్చాడు. వాళ్ళు బొమ్మలు చూసి పక్కన పెట్టేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బడిలో నేర్చిన అక్షరాలు హిందీవి. అధ్యక్షుడేమో ఏటా నీతి పుస్తకాల కట్ట పంపిస్తాడు, అది విప్పినవాడు లేడు.

ఒకనాడు ఎవడో ఆ వేళ్ళు ఏమయ్యాయని అడిగాడు. కర్గీ రోడ్ స్టేషను దాటాక సొరంగంలో బండి ఆగిపోయిన సంగతి చెప్పడం మొదలుపెడితే తొమ్మిది మంది కదలకుండా కూర్చున్నారు. మర్నాడే పొడుగు నోటుబుక్కు కొని, అట్టకి దారంతో పెన్సిలు కట్టాడు. తెలుగు కథే, హిందీ అక్షరాల్లో. షెడ్డు నోటీసు బోర్డు చూసి నేర్చుకున్న అక్షరాలవి. వేళ్ళ మధ్య నిలవని పెన్సిలుతో వారానికో పేజీ. ఆ పేజీ కోసం కుర్రాళ్ళు వరస కట్టారు. తన కోసం ఎవరైనా ఎదురుచూడటం ఆయన బతుకులో అదే మొదలు, సిగ్గేసేంత సంతోషమేసింది.

వాళ్ళలో రాఘవయ్య మనవడు రోహన్ ఒకడు. ఊళ్ళో సర్కండా పేట నుంచి ట్యూషన్‌కని వచ్చి ఇక్కడ దూరేవాడు. మా తాతకి చెప్పొద్దని బతిమాలుకున్నాడు, అందుకే వాడి పేరు రిజిస్టరులో లేదు.

పదకొండింటికి రాఘవయ్య వచ్చాడు, వెనకాలే ఫోన్ పట్టుకుని రోహన్. రిజిస్టరులో పద్నాలుగు పేర్లు చూసి, బ్యాంకు మేనేజరుగా రిటైరయిన ఆయన ముఖం వికసించింది. ఏం చదువుతున్నారని అడిగాడు. త్రినాథరావు చేతులు తుడుచుకుని నోటుబుక్కు అందించాడు.

రెండు పేజీలు తిప్పేసరికి ఆ ముఖం ముడుచుకుంది. తెలుగు సంఘంలో హిందీ రాతలా అన్నాడు.

"అచ్చరాలే ఆల్లవి సార్. మాట మనదే. సదివి సూడండి," అన్నాడు త్రినాథరావు.

ఇంజను రిపేరు కూడా సాహిత్యమేనా అని నవ్వి, రాఘవయ్య రిజిస్టరు మూసేశాడు.

"ఈ పేర్లన్నీ నువ్వే రాసుకున్నావు. చదివినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

మిగతా కుర్రాళ్ళు సాయంత్రం గానీ రారు. త్రినాథరావు గుమ్మం వైపు చూశాడు. రోహన్ తల ఇంకా కిందికి దించాడు. ఒక్క పేరు చెబితే గది నిలుస్తుంది. కానీ షెడ్డులో ఎన్నడూ ఎవరి మీదా రిపోర్టు ఇవ్వని మనిషి, అందుకే ఎదుగూ బొదుగూ లేకుండా రిటైరయిన మనిషి, ఇప్పుడూ వాడి పేరు బయటపెట్టలేదు.

రాఘవయ్య నోటుబుక్కుని కిటికీ గట్టు మీదికి విసిరి, సోమవారం పాత కాగితాలు కొనే కబాడీవాణ్ణి పిలవమన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. త్రినాథరావు తాళాలు మేకుకి తగిలించి చెప్పులేసుకున్నాడు.

గేటు దగ్గరికి రోహన్ పరుగెత్తుకొచ్చాడు. వెనక్కి ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"తాతా, సొరంగంలో ఫిర్ ఏమైంది?"

త్రినాథరావుకి వాడి మీద కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. సగం వేళ్ళు జేబులో దాచుకున్నాడు.

"ఏటవుతాది? బండి ఆగిపోనాది. ఇంటికెల్లు."

ఆయన మళ్ళీ అటు రాలేదు. కిటికీ గట్టు మీద నోటుబుక్కు ఇరవై మూడో పేజీలో సగందాకా రాసి ఉంది, అట్టకి కట్టిన దారం చివర పెన్సిలు గోడ వారగా వేలాడుతోంది.