వజీరున్నీసా అల్లించిన సవరం

బిల్కీస్ జుట్టులోకి పోయిన దువ్వెన తిరిగి రాదని ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు వాడకట్టులో చెప్పుకునేవారు. ఒకసారి పిచ్చుక దూరి, గుడ్లు పెట్టి, పిల్లలతో సహా బయటికొచ్చిందట. నేను చూడలేదు, చూసినవాళ్లను చూశాను.

ఆ ఉంగరాల చుట్టలు తండ్రి జహీర్ ఇచ్చినవి. వాళ్ల తాతలు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో చేరిన హబ్షీలు. పోలీసు చర్య తర్వాత దళం పోయింది, గుర్రమూ పోయింది. జహీర్ ఇక్కడ మిల్లు గేటు కావలికి కుదిరాడు. భార్య వజీరున్నీసాది హుస్నాబాద్. ఆమె నిలబడి తల దువ్వుకుంటే జడ పట్టుకుని చీమలు పైకెక్కేవి.

బిడ్డ నెత్తి చూస్తే మాత్రం ఆమెకు వాడలో తలెత్తుకోబుద్ధి అయ్యేది కాదు. ఆముదం పోసింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె కూడా పెట్టింది. చెవి కాలింది గానీ ఒక్క చుట్టా సాగలేదు.

లక్సెట్టిపేట నుంచి సంబంధం వచ్చింది. ఇనాయతుల్లా, బట్టల కొట్టువాడు. పిల్లను చూడవచ్చిన ఆడవాళ్లు జడ పట్టి చూస్తారు కదా! వజీరున్నీసా గోడ సందుల్లో దాచుకున్న తన రాలిన వెంట్రుకలన్నీ తీసి, సవరాలు అల్లే గంగుబాయి చేత పొడుగాటి సవరం అల్లించింది. బిడ్డకు కట్టి, అతుకు కనబడకుండా పూలు దట్టంగా చుట్టింది.

పిల్లగాడి తల్లి ఖుర్షీద్‌బీ వచ్చి కూర్చుంది.

"గిన్ని పూలా బిడ్డా! కింద జడ ఉన్నదా, తోట పెట్టిన్రా?" అని నవ్వుతూ పట్టి లాగింది. సవరం ఊడి చేతికొచ్చింది.

"యా అల్లా! తోక ఊశింది!" అంది ఆమె వెంట వచ్చిన ఆమె ఆడబిడ్డ.

వజీరున్నీసా తన జడ ముందుకు వేసుకుంది. "నాది సూడు ఆపా. మా దిక్కు గిసొంటి నెత్తి ఎవ్వలకు లేదు. గిది గాయన దిక్కుది."

పరదా అవతల చాయ్ తాగుతున్న జహీర్ కప్పు కింద పెట్టాడు.

ఖుర్షీద్‌బీ సవరాన్ని చాప మీద పెట్టింది. "ఫికర్ జెయ్యకు. పిల్ల మంచిగున్నది. మా ఇంట్ల సవరం ఇప్పొద్దు, గంతే. మా పోరనికి గూడ సూపియ్యొద్దు."

"ఇప్పది ఆపా! ఇంకోటి అల్లిస్త!" వజీరున్నీసా ముఖం వెలిగింది.

బిల్కీస్ తలెత్తింది. "ఖాలా, నా కడుపుల బిడ్డ గిదే నెత్తితోని పుడితే?"

"అట్లనకు, అల్లా మంచిగనే ఇస్తడు."

"మా అబ్బా లెక్క ఇస్తే?"

ఖుర్షీద్‌బీ పరదా వైపు చూసి తల దించుకుంది.

"అయితే నేను రాను. జడ గావాల్నంటే తీస్కపోండ్రి."

చుట్టాలు లేచి వెళ్లిపోయారు. సవరం చాప మీదే ఉంది. వజీరున్నీసా కూతుర్ని తిడుతూ పరదా తొలగించింది. జహీర్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"పిల్లనేమనకు," అన్నాడు మెల్లగా. "నువ్వన్నది నిజమే గదా. గది నా దిక్కుదే."

ఎగతాళి చేసి ఉంటే ఆమె బదులు చెప్పేదే. అతను ఎగతాళి చేయలేదు. వజీరున్నీసా చీపురు తీసుకుని, పొద్దున ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్వసాగింది.