నూట నాలుగు నంబరు టైర్లు

టైర్ల దుకాణంవాడికి బావ పేరెత్తితే ఒళ్ళు మంట. అక్క మొగుడు కాబట్టి నలుగురిలో గౌరవం ఇవ్వాలి. ఆ బావేమో నలుగురూ ఉన్నప్పుడే వాడి పరువు తీస్తాడు.

ఆ ఉదయం బావ జీపు తెచ్చాడు. జనరేటరు, నీళ్ళ డ్రమ్ములు వేసుకుని రాళ్ళగుట్ట మీది క్వారీకి వెళ్ళాలి. పెద్ద పెద్ద బొడిపెలున్న టైర్లు చూసి మనసు పారేసుకున్నాడు.

"అవి వద్దు బావా. టైరు పక్కన నూట నాలుగు అని బరువు నంబరు ఉంది చూడు. అంటే ఒక్కోటి తొమ్మిది వందల కిలోలే మోస్తుంది. నీ సామానుతో వెనక రెండిటి మీదే రెండు టన్నులు పడుతుంది. ఈ నూట పదహారువి తీసుకో, పన్నెండొందల యాభై మోస్తాయి."

"పదో తరగతి లెక్కల్లో తప్పినవాడు నాకు లెక్కలు చెప్తున్నాడర్రా!" అన్నాడు బావ. అక్కడున్న లారీ డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. "నోరు మూసుకుని బిగించరా."

నోరు మూసుకుని బిగించాడు.

"రాళ్ళలో పట్టు దొరకాలంటే గుట్ట ఎక్కేముందు గాలి సగం తీసేస్తే చాలుగా?" అన్నాడు బావ.

గాలి తగ్గితే టైరు మోసే బరువూ తగ్గుతుందని, ఆ బరువుకు టైరు పక్కలు చీలిపోతాయని దుకాణంవాడికి తెలుసు. గుట్ట దారికి ఒక పక్కంతా లోయేనని కూడా తెలుసు.

"నీకు తెలియనిదా బావా," అన్నాడు. అబద్ధమెందుకు, చాలా ఏళ్ళ తర్వాత వాడి కడుపు చల్లబడింది.

అంతలో అక్క సంచితో వచ్చి జీపు ముందు సీట్లో కూర్చుంది. క్వారీలో వంటమనిషి మానేసిందట, వారం రోజులు తనే వండిపెట్టాలట. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది ఈ అక్కే.

వాడు పరుగెత్తి జీపు తలుపు పట్టుకున్నాడు. "బావా, ఆగు. ఆ గాలి..."

"చూశారా, ఇప్పుడు గాలి కూడా అమ్ముతాడు!" డ్రైవర్లు మళ్ళీ నవ్వారు. వాడికి తల కొట్టేసినట్టయింది.

అక్క నవ్వలేదు. "వాళ్ళ మాటలకేంగానీ, టైర్లు గట్టివేగా తమ్ముడూ? నువ్వు అవునంటే నాకు భయం లేదు."

నిజం చెబితే, ఇందాక తెలిసీ దాచానని ఆ నవ్వే మొహాల ముందు ఒప్పుకోవాలి.

"గట్టివే అక్కా."

జీపు వెళ్ళిపోయింది. గుట్ట మొదలయ్యేదాకా గంట ప్రయాణం, ఫోన్ చేయడానికి బోలెడు టైముంది. డ్రైవర్లు వెళ్ళాక చేద్దామనుకున్నాడు. వాళ్ళు టీలు తెప్పించుకుని మధ్యాహ్నందాకా కూర్చున్నారు.