డెబ్బై రెండు

మందుల బండి చక్రం కీచుమంటుంది.

తుడిచిన నేల తడి, స్పిరిట్ వాసన, కిటికీ అవతల చూరు నుంచి జారే వాన చినుకులు... ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి.

రోగులు ఆమెను చిన్న సిస్టర్ అంటారు. నర్సింగు చదువు ఇంకా పూర్తి కాలేదు. ఆఖరి ఏడాది — రెండోసారి.

రెండోసారి ఎందుకో వార్డంతా చెప్పుకుంటుంది. అసలు సంగతి వార్డులో ఇద్దరికే తెలుసు.

పోయినేడు నాలుగో మంచం మీద ఒకావిడ ఉండేది. గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వాడేది. ఆ మాత్ర ఇచ్చే ముందు నాడి పట్టుకోవాలి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపాలి, డాక్టరుకు చెప్పాలి.

వార్డు చూసే పెద్ద సిస్టర్ లెక్కపెట్టదు. చార్టులో డెబ్బై రెండు అని రాసేస్తుంది. ముసలివాళ్ళకూ డెబ్బై రెండే, పడుచువాళ్ళకూ డెబ్బై రెండే. ఆ రోజూ అదే రాసి, మాత్ర వేసి, "నువ్వు సంతకం పెట్టెయ్యమ్మా, నాకు చేతినిండా పని" అంది.

ఆమె పెట్టింది.

మధ్యాహ్నానికి నాలుగో మంచం ఖాళీ అయింది.

విచారణలో పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. "చిలక్కి చెప్పినట్టు చెప్పానండీ, లెక్కపెట్టమని. ఈ పిల్ల వింటేనా?"

సంతకం ఆమెది. ఏడాది పోయింది. నాన్న నెల రోజులు మొహం చూడలేదు. అక్క మాత్రం, "నోరు మూసుకుని చదువు పూర్తి చెయ్యవే. ఆవిడ జోలికి పోకు" అంది.

ఆమె నోరు మూసుకుంది.

కడుపులో మంట మాత్రం ఆరలేదు.

రోజూ బండి రాకముందే మంచం మంచానికీ వెళ్ళి నాడి చూసేది. జేబులో చిన్న పుస్తకం. ఒక పక్క తను లెక్కపెట్టింది, ఇంకో పక్క పెద్ద సిస్టర్ రాసింది. అరవై ఎనిమిది — డెబ్బై రెండు. ఎనభై — డెబ్బై రెండు. ఏడు వారాలు. ఇవి చాలవు. అరవైకి తక్కువ ఒక్కటి కావాలి.

ఒక్కటి...

ఎవరి గుండె నెమ్మదించాలని ఎదురుచూస్తోందో ఆమె ఆలోచించలేదు.

ఆరో మంచం దర్జీ తాతయ్యది. ఆయనదీ ఆ గుండె మాత్రే. వేళ్ళు ఊరుకోవు, దుప్పటి అంచు మడుస్తూనే ఉంటాయి. "ఎవడు కుట్టాడమ్మా నీ కోటు? భుజాలు రెండూ ఊరవతల ఉన్నాయి" అని రోజూ నవ్విస్తాడు.

ఆ పొద్దున ఆయన నవ్వించలేదు. ఆమె మణికట్టు పట్టుకుంది. చూరు చినుకు కంటే నెమ్మదిగా కొట్టుకుంటోంది నాడి.

నలభై ఎనిమిది. మళ్ళీ చూసింది. నలభై ఎనిమిది.

"ఎంతమ్మా?"

"నలభై ఎనిమిది, తాతయ్యా."

వెంటనే చెప్పాలి. కాళ్ళు తలుపు వైపు కదిలాయి కూడా.

అప్పుడు చక్రం కీచుమంది.

ఆమె ఆగిపోయింది.

పెద్ద సిస్టర్ వచ్చింది. తాతయ్య చేతి వైపు చూడలేదు. రాసింది. డెబ్బై రెండు. మాత్ర చిన్న గిన్నెలో పడింది.

డాక్టరు మూడో మంచం దగ్గర ఉన్నాడు. ఇప్పుడే చెబితే, మింగించే ముందు చూడబోతున్నానండీ అంటుంది పెద్ద సిస్టర్. నమ్ముతారు. ఇప్పుడే కాదు...

డాక్టరు నాలుగో మంచం. గిన్నె తాతయ్య చేతిలో. ఇంకా కాదు...

డాక్టరు ఐదో మంచం. గిన్నె పెదవుల దగ్గర.

"ఆగండి తాతయ్యా." చెయ్యి పట్టేసుకుంది. మాత్ర నేల మీద దొర్లింది. "డాక్టరుగారూ, ముందు ఈయన నాడి చూడండి. తర్వాత ఆ చార్టు చూడండి."

డాక్టరు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాడు.

"నలభై ఆరు."

ఆమె జేబులోంచి పుస్తకం తీసి బండి మీద పెట్టింది. ఏడు వారాల లెక్క. పెద్ద సిస్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంత కక్షా నీకు?"

"నాలుగో మంచం గుర్తుందా, సిస్టర్?"

సాయంత్రానికి పెద్ద సిస్టర్ దగ్గర్నుంచి వార్డు తాళాలు తీసుకున్నారు. ఆవిడ వరండా చివర మలుపు తిరిగేదాకా చిన్న సిస్టర్ కన్నార్పకుండా చూసింది. కడుపునిండా తిన్నది. అక్కకు ఫోన్ చేసి, "అయిపోయిందక్కా" అంది. ఏడాదిలో మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

తెల్లారి ఆరో మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

తాతయ్య తన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నిన్న పొద్దున్నే చూశావు కదమ్మా. నలభై ఎనిమిది అన్నావు."

"అవును తాతయ్యా."

"మరి నోటిదాకా ఎందుకు రానిచ్చావు?"

పెద్ద సిస్టర్ అడిగితే జవాబుంది. డాక్టరు అడిగినా ఉంది.

ఆమె చూపు నిన్న మాత్ర దొర్లిన చోటికి పోయింది.

తాతయ్య గొంతులో కోపం లేదు. "డాక్టరుగారు వచ్చాక చూపించుకుంటాలే" అన్నాడు, మెల్లగా. "నువ్వెళ్ళి మిగతావాళ్ళను చూసుకో తల్లీ."

ఆమె వెళ్ళలేదు.

చాపిన చెయ్యి అలాగే ఉంది... దుప్పటి కదల్లేదు.